ముక్తినాథ్‌కి ఆరు రోజులు చాలవు: పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా మాట

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అక్టోబర్‌లో ఆరు రోజుల నేపాల్ యాత్ర. కాఠ్మాండూ, పశుపతినాథ్, మనకామన, పొఖరా, ఎత్తు కొండల్లోని విష్ణుక్షేత్రం ముక్తినాథ్, వీలైతే లుంబినీ, జనక్‌పూర్ కూడా. నాన్నగారికి 71, మోకాళ్ల నొప్పులు. అమ్మగారికి 63, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు. అమెరికా నుంచి మీ అక్కగారు నేరుగా కాఠ్మాండూలో కలుస్తారు. ఏమేం సర్దుకోవాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు.

సర్దుకోవడం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ లిస్టులోంచి కొన్ని తీసేయాలి.

నేను ముక్తినాథ్ నాలుగుసార్లు బయల్దేరి మూడుసార్లు చేరినవాణ్ణి. చేరనిది మొదటిసారే. మా అత్తగారినీ మామగారినీ తీసుకుని, ఒక టూర్ ఆయన మాట నమ్మి, అచ్చం మీలాగే ఆరు రోజుల ప్యాకేజీలో వెళ్లాను. మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకి పొఖరా విమానాశ్రయంలో కూర్చున్నవాళ్లం పదకొండింటికి హోటల్‌కి తిరిగొచ్చాం. ముక్తినాథ్‌కి దగ్గర్లో విమానం దిగే ఊరు జోమ్‌సోమ్, అక్కడ గాలి ఎక్కువగా ఉందన్నారు. మర్నాడూ అదే మాట. ఐదో రోజుకి కాఠ్మాండూ చేరకపోతే ఇంటికెళ్లే విమానం పోతుంది. మా మామగారు పొఖరాలో హోటల్ డాబా ఎక్కి, మబ్బుల్లో కనపడని కొండల వైపు దండం పెట్టుకుని తిరిగొచ్చారు. రెండేళ్ల తర్వాత మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి తొమ్మిది రోజులు పెట్టుకున్నాం. అందులో ఒక రోజుకి ఏ పనీ పెట్టలేదు. ఆ ఖాళీ రోజే యాత్రని నిలబెట్టింది.

కాబట్టి లుంబినీ, జనక్‌పూర్ రెండూ కొట్టేయండి. లుంబినీ పడమటి తెరాయిలో (అంటే దక్షిణపు మైదానంలో), జనక్‌పూర్ తూర్పు తెరాయిలో ఉన్నాయి. మ్యాపులో చూస్తే నేపాల్ చిన్న దేశమే, దారిలో పడ్డాక తెలుస్తుంది అది ఎంత పొడుగో. కాఠ్మాండూ నుంచి పొఖరా 200 కిలోమీటర్లు. మనం మూడున్నర గంటలనుకుంటాం. అది ఏడు గంటలు పడుతుంది, రోడ్డు పనులు జరుగుతుంటే ఇంకా ఎక్కువ.

జోమ్‌సోమ్ విమానాలు అంతగా ఎందుకు రద్దవుతాయో తెలిస్తే ప్లాన్ వేసుకోవడం తేలిక. కాళీగండకి లోయకి ఒక పక్క ధవళగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ. రెండూ 8,000 మీటర్లు దాటిన శిఖరాలే. వాటి మధ్య సన్నటి గొట్టంలా ఉంటుంది లోయ. పొద్దెక్కేకొద్దీ ఉత్తరాన టిబెట్ వైపు పీఠభూమి వేడెక్కి, దక్షిణం నుంచి గాలిని ఈ గొట్టంలోంచి పైకి లాగుతుంది. పది, పదకొండు గంటలకల్లా అది మనిషిని తోసేంత గాలి అవుతుంది. అందుకే చిన్న విమానాలు పొద్దున్నే నాలుగు ట్రిప్పులు వేసి ఆగిపోతాయి. పొద్దున మబ్బు పట్టినా ఎగరవు, మబ్బు విడేసరికి గాలి మొదలవుతుంది. ఎగరనన్న పైలట్ మీద కోప్పడకండి. ఆ లోయలో అంతకంటే మంచి నిర్ణయం ఉండదు.

నా సలహా, వెళ్లేటప్పుడు జీపు, వచ్చేటప్పుడు విమానం. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు, పైకి తొందరగా చేరిపోవాలని. ఆలోచించండి. పొఖరా ఎత్తు 820 మీటర్ల దగ్గర. జోమ్‌సోమ్ 2,700. ఇరవై నిమిషాల విమానంలో అంత ఎత్తు ఎక్కేసి, దిగగానే జీపెక్కి గంటన్నరలో 3,700 మీటర్లు దాటిన ముక్తినాథ్ చేరితే మీ నాన్నగారి ఒంటికి ఊపిరి తీసుకునే టైమే ఉండదు. జీపులో అయితే బేనీ, తాతోపానీ మీదుగా మెల్లగా ఎక్కుతారు. నడుములు పోతాయి, ఒప్పుకుంటాను. రోడ్డు కొంత తారు, కొంత రాళ్లు, కొంత దుమ్ము. కానీ ఒళ్లు అలవాటు పడుతుంది. తిరుగు విమానం రద్దయినా జీపు ఎలాగూ ఉంటుంది, కాబట్టి ఇరుక్కుపోరు.

మీకు నేను వేసే లెక్క ఇది. మొదటి రోజు కాఠ్మాండూలో దిగి పడుకోవడమే. రెండో రోజు పశుపతినాథ్, ఓపికుంటే పడుకున్న విష్ణువు ఉండే బుఢానీలకంఠ గుడి. మూడో రోజు పొఖరాకి. రోడ్డు మీద వెళ్తే దారిలో కురింటార్ దగ్గర రోప్‌వే ఎక్కి మనకామన చూసుకోవచ్చు, కానీ సెలవు రోజైతే ఆ క్యూలోనే సగం రోజు పోతుంది. నాన్నగారి మోకాళ్ల కోసం నేనైతే ఆ ఒక్క రోజూ విమానంలో పంపి, మనకామన అమ్మవారిని క్షమించమంటాను. నాలుగో రోజు తెల్లారగట్ల జీపులో బయల్దేరి సాయంత్రానికి మార్ఫా లేదా జోమ్‌సోమ్. మరీ అలసిపోతే 1,200 మీటర్ల ఎత్తున్న తాతోపానీలోనే ఆగిపోండి, అక్కడ వేడినీటి ఊటలున్నాయి. ఐదో రోజు పొద్దున్నే ముక్తినాథ్, దర్శనం చేసుకుని మధ్యాహ్నానికల్లా దిగి మళ్లీ జోమ్‌సోమ్‌లోనే నిద్ర. ఆరో రోజు పొఖరా. ఏడో రోజు ఖాళీ. ఎనిమిది కాఠ్మాండూ, తొమ్మిది ఇల్లు. ఏ గొడవా జరక్కపోతే ఆ ఏడో రోజు పొఖరాలో ఫేవా తాల్ అనే సరస్సు ఒడ్డున కూర్చుని టీ తాగండి. బాబుకి పడవ షికారు ఎలాగూ కావాలంటాడు.

"గుడి పక్కనే రాణీపౌవాలో ఉండొచ్చుగా, తెల్లవారుజాము దర్శనం దొరుకుతుంది" అని ఎవరైనా అంటారు. కుర్రవాళ్లకి సరే. మీ పెద్దవాళ్లని మాత్రం అక్కడ పడుకోబెట్టొద్దు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది చాలావరకు మనం ఏ ఎత్తులో నిద్రపోయామన్న దాన్ని బట్టి ఉంటుంది. పగలు నాలుగు గంటలు పైకెళ్లి రావడం వేరు, రాత్రంతా అక్కడ పడుకోవడం వేరు.

ఎత్తు గురించి ఇంకొంచెం చెప్పాలి, మీరు భయపడాల్సింది ఒక్క దీనికే. ముక్తినాథ్ దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. వయసుతో, భక్తితో దానికి సంబంధం లేదు. మాతో వచ్చిన పాతికేళ్ల జిమ్ కుర్రాడు వాంతులు చేసుకుంటుంటే 68 ఏళ్ల పెద్దావిడ గుర్రం కూడా ఎక్కకుండా నడిచి వచ్చింది. ఈ లక్షణాలు ఎక్కిన వెంటనే కనపడవు, కొన్ని గంటలు పోయాకే బయటపడతాయి. అందుకే "పైకి వచ్చేశాం, బాగానే ఉన్నాం" అనుకుని రాత్రికి అక్కడే ఉండిపోయినవాళ్లు ఇబ్బంది పడతారు.

మామూలు తలనొప్పి అయితే ఇంకా పైకి ఎక్కకుండా ఆగి, నీళ్లు తాగి, విశ్రాంతి తీసుకుంటే చాలా మందికి సర్దుకుంటుంది. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, మాట తడబడినా, నడిస్తే తూలుతున్నా ఇక ఆలోచన వద్దు. అర్ధరాత్రయినా జీపు తీయించి కిందికి దించేయండి. దిగడమే దానికి అసలు మందు. బజార్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే అయిపోతుంది, అది చేతిలో ఉందన్న ధైర్యంతో దిగడం ఆలస్యం చేస్తేనే ప్రమాదం. ఇంకో మాట. మన యాత్రికులందరూ కర్పూరం మూటకట్టి మెడలో వేసుకుంటారు. వాసన చూస్తే ముక్కు విడినట్టు హాయిగా ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం ఒక్క చుక్క పెరగదు. మా బాబాయి కర్పూరం పీలుస్తూనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. మూటని తీసేయమనను, దాన్ని నమ్ముకోవద్దంటున్నాను.

నెల రోజుల ముందే అమ్మగారినీ నాన్నగారినీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "యాత్రకి వెళ్లొచ్చా?" అని అడిగితే "వెళ్లొచ్చు, జాగ్రత్త" అంటారు, దాంతో మీకు ఒరిగేదేం లేదు. "3,700 మీటర్ల ఎత్తుకి ఒక పగలు వెళ్లి, 2,700 మీటర్ల దగ్గర రెండు రాత్రులు పడుకుంటారు" అని అంకెలతో చెప్పి అడగండి. ఎత్తుకి ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర వీళ్లకి పనికొస్తుందా అని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. అది మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుంది, అమ్మగారి బీపీ మాత్రల్లో కూడా అలాంటిదే ఒకటి ఉంటే రెండూ కలిసి ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు. పక్కింటివాళ్లు వేసుకున్నారని మీరు వేసేయకండి.

షుగర్ ఉన్నవాళ్లకి అక్కడ ఒక చిక్కుంది, ఎవరూ ముందుగా చెప్పరు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. తిండి సగానికి తగ్గుతుంది కానీ మాత్రలు మాత్రం రోజూ వేసుకున్నట్టే వేసుకుంటారు. షుగర్ పడిపోతుంది. పడిపోతే వచ్చే నీరసం, తలనొప్పి, చెమటలు చూసి అందరూ ఎత్తు వల్లే అనుకుంటారు. అమ్మగారు నీరసంగా ఉందంటే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. చేతి వేళ్లు, మీటరు రెండూ చల్లబడిపోయి ఉంటే రీడింగ్ సరిగా రాదు, కాసేపు జేబులో పెట్టి వెచ్చబరచాలి. ఇన్సులిన్ అయితే గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో. మందులన్నీ రెండు సెట్లు చేసి రెండు వేరే బ్యాగుల్లో పెట్టండి, చీటీతో సహా. ఒక బ్యాగు ఇంకో జీపులో వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను.

మోకాళ్ల సంగతి. ఇవాళ్టి నుంచే నాన్నగారిని రోజూ నడిపించండి, వారానికి రెండు మూడు రోజులు మెట్లు ఎక్కించి దింపండి. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లని ఎక్కువ బాధపెడుతుంది, అక్కడ దిగడమూ ఉంది. జీపులు ఆగే చోటి నుంచి గుడి దాకా నడక అరగంట లోపే కానీ, ఆ గాలిలో అది గంట అనిపిస్తుంది. గుర్రాలు, బైకులు దొరుకుతాయి. గుర్రం ఎక్కించేముందు నాన్నగారు కాలు అంత పైకి ఎత్తగలరో లేదో చూసుకోండి, కూర్చున్నాక బాగానే ఉంటుంది, ఎక్కడం దిగడమే కష్టం. నేనైతే బైకుకే ఓటు. రబ్బరు మొన ఉన్న చేతికర్ర ఒకటి కొనండి, గుడి ఆవరణలో తడి రాళ్ల మీద అదే దిక్కు. బూట్లు ఇప్పుడే కొని వేసుకుని తిరగనివ్వండి. కొత్త బూట్లు యాత్రలో మొదటిసారి వేసుకుంటే బొబ్బలు ఖాయం.

ఇక స్నానం. గుడి వెనక అర్ధచంద్రాకారంలో గోముఖాల్లాంటి 108 ధారలు, ముందు రెండు కుండాలు. అందరూ ధారల కింద పరిగెత్తి, కుండాల్లో మునిగి దర్శనానికి వెళ్తారు. ఆ నీళ్లు మంచు కరిగి వచ్చేవి. ఒక్కసారిగా అంత చల్లటి నీళ్లు ఒంటి మీద పడితే ఊపిరి బిగుసుకుంటుంది, బీపీ, గుండె వేగం అమాంతం పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒక నిమిషం కేకలు, నవ్వులు. మీ అమ్మగారికి మాత్రం అది ఆట కాదు. పెద్దవాళ్లిద్దరూ చేత్తో ధారలు తాకి తలమీద చల్లుకుంటే చాలు. ఈ మాట ఇంట్లోనే ముందుగా ఒప్పించండి. అక్కడికెళ్లాక చుట్టూ అందరూ మునుగుతుంటే వినరు. మా అత్తగారు "ఇంత దూరం వచ్చి స్నానం చేయకపోతే ఎలా?" అని పట్టుబట్టారు. చివరికి అక్కడి పూజారిగారే చెంబుతో నీళ్లు తెచ్చి తలమీద చల్లి, హిందీలో "అయిపోయింది అమ్మా, 108 అయిపోయాయి" అన్నారు. ఆవిడ నా మాట వినలేదు కానీ ఆయన మాట విన్నారు! మీరు మునిగేట్టయితే పొడి బట్టలు, పెద్ద తువ్వాలు చేతికందేలా పెట్టుకుని దిగండి. తడి నూలు బట్టలతో ఆ గాలిలో పది నిమిషాలు నిలబడితే పళ్లు టకటకలాడతాయి. బాబుకి రెండు ధారలు చాలు.

గుడి గురించి కొంచెం తెలుసుకుని వెళ్తే ఆ గంట ఎక్కువ గుర్తుంటుంది. ఆళ్వార్లు పాడిన విష్ణుక్షేత్రాల్ని దివ్యదేశాలంటారు, అవి 108. అందులో 105 భారతదేశంలో, రెండు భూలోకం అవతల ఉన్నాయని నమ్మకం, మిగిలిన ఒక్కటీ నేపాల్‌లోని సాలగ్రామ క్షేత్రం, అంటే ఈ ముక్తినాథే. తిరుమంగై ఆళ్వార్ పాడిన చోటు. కానీ అది మన ఒక్కళ్ల గుడి కాదు. బౌద్ధులు దాన్ని చుమిగ్ గ్యాత్సా అంటారు, మనం విష్ణువుగా కొలిచే మూర్తిని అవలోకితేశ్వరుడనే బోధిసత్వుడిగా కొలుస్తారు. గుడి సంరక్షణలో బౌద్ధ సన్యాసినులకి పాత్ర ఉంది. సన్నిధిలో సన్యాసిని కనపడితే "ఇక్కడ వీళ్లేంటి?" అని తెలుగులో గట్టిగా మాట్లాడేవాళ్లని చూశాను, భాష రాకపోయినా ఎదుటివాళ్లకి ఆ గొంతు అర్థమవుతుంది. పక్కనే ఉన్న జ్వాలామాయి గుడికి తప్పకుండా వెళ్లండి. నీటి పక్కన, భూమిలోంచి వచ్చే సహజవాయువుతో చిన్న నీలి మంట వెలుగుతూ ఉంటుంది. తొందరలో చాలామంది దాన్ని చూడకుండానే దిగిపోతారు.

నాన్నగారు పితృకార్యం చేయాలనుకుంటే దానికి చోటు దారిలోని కాగ్‌బేనీ, కాళీగండకిలో ఇంకో వాగు కలిసే చోట. 2,800 మీటర్ల ఎత్తు కాబట్టి కాసేపు ఆగడం ఒంటికీ మంచిదే. దర్భలు, నువ్వులు చిన్న పొట్లం కట్టుకెళ్లండి, మూడు తరాల పేర్లు, గోత్రం కాగితం మీద రాసుకెళ్లండి. ఆ చలిగాలిలో నిలబడి తాతగారి తండ్రి పేరు గుర్తు చేసుకోవడం కష్టం. పొద్దున్నే అయితే ప్రశాంతం, మధ్యాహ్నమైతే గాలికి విస్తరాకు కూడా నిలవదు.

సాలగ్రామాలు దారి పొడవునా అమ్ముతారు. అవి కోట్ల ఏళ్ల కిందట, హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలోని అమ్మోనైట్ జీవుల శిలాజాలు. ఆ సంగతి తెలిశాక నాకు వాటి మీద భక్తి పెరిగిందే కానీ తగ్గలేదు. నూనె రాసి నల్లగా మెరిపించినవీ, చెక్కినవీ కూడా బుట్టలో కలిసే ఉంటాయి. ఇంట్లో రోజూ పూజ చేసే అలవాటు లేకపోతే కొనకుండా ఉండటమే మేలని మా ఇంట్లో పెద్దలు అంటారు, నేనూ అదే పాటించాను.

ఇప్పుడు కాగితాలు. వీటి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. "నేపాల్‌కి వీసా అక్కర్లేదు, ఆధార్ చాలు" అనే మాట సగమే నిజం. భారతీయులకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ కూడా తప్పనిసరి కాదు. కానీ విమానంలో వెళ్లే పెద్దవాళ్లకి పాస్‌పోర్ట్ గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఫొటో ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ పనికొచ్చేది 65 దాటినవాళ్లకీ, 15 నిండని పిల్లలకీ. అంటే మీ నాన్నగారికి, బాబుకి ఆధార్ సరిపోతుంది. అమ్మగారికి 63 కాబట్టి సరిపోదు! మా గుంపులో ఒకావిడకి 64 ఏళ్లు, ఆధార్ మాత్రమే తెచ్చుకుని చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆగిపోయింది. కొడుకు ఇంటికి పరిగెత్తి ఓటరు కార్డు తెచ్చేసరికి విమానం వెళ్లిపోయింది. పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు అదే పట్టుకెళ్లండి, వాదన ఉండదు. ఏదైనా సరే అసలు కార్డు ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. అందరి కార్డుల జిరాక్సులు, అరడజను పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు పెట్టుకోండి, సిమ్ కార్డుకీ, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్‌కీ కావాలి. ఆ పర్మిట్ టూర్ వాళ్లే తీస్తారు, తీశారో లేదో మాత్రం పొఖరా వదిలేముందు కళ్లతో చూసుకోండి.

మీ అక్కగారి దగ్గర ఇప్పుడు అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే ఆవిడకి లెక్క వేరు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) నేపాల్‌లో ఏమీ ఉపయోగపడదు, అది ఇండియా రావడానికే. ఆవిడ నేపాల్ వీసా తీసుకోవాలి. కాఠ్మాండూ విమానాశ్రయంలో దిగాక ఇస్తారు, 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50. ముందే ఆన్‌లైన్‌లో ఫారం నింపుకుని వస్తే ఒక క్యూ తప్పుతుంది. డాలర్లు నోట్లుగా చేతిలో ఉంచుకోమనండి. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. యాత్ర తర్వాత మీతో ఇండియా వచ్చే ఆలోచన ఉంటే ఓసీఐ కార్డు ఇంట్లో మర్చిపోవద్దని చెప్పండి. పశుపతినాథ్‌లో ప్రధాన ఆలయం లోపలికి హిందువులనే పంపుతారు. అక్కగారి భర్త హిందువు కాకపోతే, ఆయన కూడా వస్తుంటే, ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి, గేటు దగ్గర మొహం చిన్నబోకుండా. అక్కడ తోలు వస్తువులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బెల్టు, పర్సు కూడా. ఫొటోలు తీయకూడదు.

డబ్బు సంగతి తేలికే. మన రూపాయికి నేపాల్ రూపాయి 1.60, ఈ రేటు 1993 నుంచి మారలేదు. మన వంద, అంతకంటే చిన్న నోట్లు ఇబ్బంది లేకుండా చెల్లుతాయి. పెద్ద నోట్ల మీద అక్కడి రూల్స్ మారుతూ వచ్చాయి, కాబట్టి బయల్దేరే వారం చూసుకోండి, ఐదు వందల నోట్ల కట్టలు మాత్రం పట్టుకెళ్లకండి. 2024 నుంచి అక్కడి చాలా షాపుల్లో ఫోన్‌పే (Fonepay) అనే నేపాలీ నెట్‌వర్క్ క్యూఆర్‌కి మన యూపీఐతో కట్టొచ్చు, మనవాళ్ల ఫోన్‌పే (PhonePe) వేరు, పేర్లు విని కంగారు పడకండి. డెబిట్ కార్డుకి విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేయించుకోండి. పొఖరా దాటాక ఇవేవీ నమ్మొద్దు. గుర్రానికీ, జీపుకీ, దక్షిణకీ నేపాలీ చిల్లర నోట్లే కావాలి.

ఫోన్‌కి నేపాల్ టెలికాం సిమ్ తీసుకోండి, కొండల్లో అదే కాస్త పలుకుతుంది. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. నవ్వొస్తుంది కానీ, చేతి గడియారం మార్చుకోని మావాళ్లు ఇద్దరు బస్సు మిస్సయ్యారు. అక్కడ శనివారం సెలవు.

అక్టోబర్ నెల మంచి ఎంపికే, వానలు వెనక్కి తగ్గి కొండలు తేటగా కనిపిస్తాయి. కానీ మన దసరా రోజులే వాళ్ల దశైన్, వాళ్లకి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పండుగ. ఊరూరూ సొంతూళ్లకి కదులుతుంది. విమానాలు, బస్సులు నిండిపోతాయి, డ్రైవర్లు దొరకరు, షాపులు మూసేస్తారు. దశైన్ వెళ్లిన వారానికి పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే వద్దే వద్దు, బేనీ దాటాక కొండచరియలు ఏ క్షణాన రోడ్డు మూస్తాయో తెలీదు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు రెండు మాటలు వెతకండి. ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టర్‌లో దించితే ఖర్చు ఇస్తారా. అమ్మగారి బీపీ, షుగర్ దాచకుండా రాయించండి. దాచిన జబ్బు పేరు చెప్పే క్లెయిము ఆపేస్తారు.

టూర్ వాళ్లని అడగాల్సినవి బ్రోచర్‌లో ఉండవు. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో కాగితం మీద రాసివ్వమనండి. విమానం రద్దయితే జీపు ఖర్చు ఎవరిదో అడగండి. జీపు మనకి మాత్రమేనా, దారిలో ఇంకెవరినైనా ఎక్కిస్తారా? గది ఏ అంతస్తులో, ఎందుకంటే జోమ్‌సోమ్ లాడ్జిల్లో లిఫ్ట్ అనే మాటే ఉండదు. కూర్చునే కమోడ్ ఉందా లేదా. ఈ చివరి ప్రశ్న అడగడానికి సిగ్గుపడితే నాన్నగారి మోకాళ్లు ప్రతి పొద్దునా మిమ్మల్ని గుర్తు చేసుకుంటాయి.

మీరు అడిగిన సర్దుడు మాత్రం ఇంతే. ఒకదాని మీద ఒకటి వేసుకునే పల్చటి ఉన్ని బట్టలు, గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, జీపు దుమ్ముకి మాస్కులు, వేడినీళ్ల ఫ్లాస్కు, ఓఆర్ఎస్ పాకెట్లు, టార్చి. పెద్ద సూట్‌కేసులు పొఖరా హోటల్లో వదిలి చిన్న బ్యాగులతో పైకి వెళ్లండి, జోమ్‌సోమ్ విమానాల్లో బరువు లెక్క గట్టిగా చూస్తారు. తిండికి బెంగ పడొద్దు. దాల్ భాత్ ప్రతి చోటా దొరుకుతుంది, అన్నం అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే గంట ముందు చెప్పాలి.

ఇంకొక్కటి, బయల్దేరేముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. పైన ఎవరికైనా బాగోలేకపోతే వాళ్లతో ఎవరు దిగుతారు? "అందరం దిగుదాం" అంటే జబ్బు పడిన మనిషి "నా వల్ల అందరి దర్శనం పోతోంది" అని నొప్పి దాచిపెడుతుంది. అమ్మలు తప్పకుండా దాచిపెడతారు. మా రెండో యాత్రలో మేం ముందే అనుకున్నాం, అత్తగారికి బాగోకపోతే నేను దిగుతాను, మామగారికి బాగోకపోతే మా ఆవిడ. కాగ్‌బేనీలో అత్తగారికి తల పగిలిపోతోందన్నారు. దాచకుండా చెప్పారు, దిగేది నేనొక్కణ్ణే కదా అని. ఇద్దరం జోమ్‌సోమ్‌లో ఆగిపోయాం, మిగతావాళ్లు వెళ్లొచ్చారు. రాత్రి నిద్రపోయి పొద్దున లేచేసరికి ఆవిడ మామూలుగా ఉన్నారు. చేతిలో ఖాళీ రోజు ఉంది కాబట్టి మేమిద్దరం ఆ రోజు నెమ్మదిగా వెళ్లి చూసొచ్చాం. చెంబుతో నీళ్లు చల్లించుకుంది అప్పుడే.

ఇవాళ చేయాల్సిన పని ఒకటుంది. అమ్మగారి ఓటరు కార్డు తీసి, దాని మీద పేరు ఎలా ఉందో చూసి, విమానం టికెట్‌లో అక్షరం అక్షరం అలాగే వేయించండి. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనక ఉంటే కౌంటర్ దగ్గర సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడాలి. టికెట్లు ఇంకా కొనలేదంటే మరీ మంచిది, తొమ్మిది రోజులకే కొనండి.